మైనస్ నలభై సారు

మానుకోట బస్టాండులో పరశురాములు ఎవరని అడిగితే జవాబు రాకపోవచ్చు. ‘మైనస్ నలభై సారు’ అనండి, ఆటోవాళ్ళే తోవ చూపిస్తారు. సొంతూరు పాలకుర్తి. ఇక్కడో చిన్న కోచింగ్ సెంటరులో తొమ్మిదేళ్ళుగా నీట్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాడు. పిల్లల ప్రాక్టీసు పరీక్షల మార్కులు నోటుబుక్కులో రాసుకుని, సగటులోంచి నలభై తీసేసి, "గింతొస్తది పో" అంటాడు. అంతే వస్తుంది, మహా అయితే అయిదు అటూ ఇటూ. ఎందుకు సార్ నలభై అంటే, "ముప్పై భయంది, పది ఎండది" అని మీసం దువ్వుకునేవాడు. లెక్క తప్పని మనిషికి గర్వం రాకుండా ఉంటుందా? వచ్చింది, నెత్తికెక్కి కూర్చుంది కూడా.

ఈ ఏడు ఆయన ఆశంతా గోరీ మీద. గంగారం దగ్గర తండా పిల్ల. ప్రాక్టీసులో ఏడువందల ఇరవైకి అయిదువందలు దాటుతోంది. నలభై పోయినా సీటు ఖాయమని తండ్రి సక్రుకు మాటిచ్చేశాడు. సక్రు కూడా తెగేసి చెప్పాడు.

"ఈ ఒక్క ఏడే సార్. దీని తమ్ముడు పదిలకొచ్చిండు. ఇద్దర్ని ఒక్కపాలి పట్నంల ఉంచుడు నాతోని గాదు. రాకపోతే నర్సింగుల ఏస్త."

పరీక్ష ఎనిమిది రోజులుందనగా సారు మేనకోడలి పెళ్ళికని జనగామ వెళ్ళాడు. ఆ రోజు ప్రాక్టీసు పరీక్ష కొత్తగా వచ్చిన కెమిస్ట్రీ మేడం రజని పెట్టింది. మర్నాడు సారు వచ్చి మార్కులు చూసి కుర్చీలోంచి లేచాడు. గోరీకి మూడువందల తొంభై.

"ఏంది మేడం గిది? పిల్ల పానం మంచిగ లేకుండెనా?"

"మంచిగనే ఉన్నది సార్. గంట కొట్టంగనే పేపర్లు తీసుకున్న. అందరు లొల్లి పెట్టిండ్రు, ఇంకా పది నిమిషాలు ఉంటదట గదా?"

ఉంటుంది మరి. మొదటి ఏడాది వచ్చిన పిల్లలు జవాబు షీటు మీద గోళాలు నింపడం ఎన్నడూ ఎరగరు. చేతులు వణికేవి. సారు జాలిపడి, గంట కొట్టాక గోళాలు నింపుకోవడానికి పది నిమిషాలిచ్చాడు. ఆ జాలి అలవాటైంది, అలవాటు ఆనవాయితీ అయింది. పిల్లలు ప్రశ్నపత్రం మీదే టిక్కులు పెట్టుకుని, కొన్ని గోళాలు ఆ పది నిమిషాలకు దాచుకునేవారు. గోరీ అయితే ఫిజిక్సు గోళాలన్నీ దాచేది.

"అసలు పరీక్షల ఎవరిస్తరు సార్ పది నిమిషాలు?" అంది రజని మెల్లగా.

"మీకంటే ముందు నుంచి చెప్తున్న నేను. నా లెక్క తప్పది!"

కస్సుమన్నాడే గానీ వెంటనే గోరీ ప్రశ్నపత్రం తీసి చూశాడు. ముప్పై ఒక్క ప్రశ్నలకు టిక్కులున్నాయి, షీటు మీద గోళాలు లేవు. అందులో ఇరవై తొమ్మిది జవాబులు సరైనవే. అంటే అసలు పరీక్షలో ఈ పిల్లకు పోయేది నలభై కాదు, నూరుకు పైనే.

చివరి వారంలో అలవాట్లు మార్చొద్దని ఏటా క్లాసులో గొంతు చించుకునేది ఈయనే. మారిస్తే ఉన్న ధైర్యం పోతుంది, మార్చకపోతే సీటు పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సారు ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున క్లాసులోకి వచ్చి చెప్పాడు.

"ఇయ్యాల్టి నుంచి పది నిమిషాలు బంద్. ఏ పేజీ గోళాలు ఆ పేజీకే నింపుండ్రి."

గంట కొట్టగానే తనే వెళ్ళి షీట్లు లాక్కున్నాడు. గోరీకి నాలుగువందల రెండు. మర్నాడు మూడువందల ఎనభై ఎనిమిది. ఇంకా తగ్గింది. ఆ పిల్ల షీటు వదల్లేదు, సారు చేతిలో ఒక అంచు, ఆమె చేతిలో ఒక అంచు.

"మీరే ఇచ్చిండ్రు, మీరే గుంజుకుంటున్నరు. గిప్పుడు నన్నేం జెయ్యమంటరు సార్?" అని బోరుమంది.

సారు షీటు వదిలేశాడు. పక్క బెంచీ మీద కూర్చుని, గడియారం ముందు పెట్టుకుని, పేజీ పేజీకీ ఆమెతో గోళాలు నింపించాడు. ఆ వారమంతా అదే పని. నాలుగువందల ముప్పై. నాలుగువందల యాభై. ఆఖరి పరీక్షలో నాలుగువందల అరవై ఎనిమిది. అందులోంచి నలభై తీస్తే సీటు రాదు. సారు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పరీక్ష రోజు ఎండ మంటలు పెడుతోంది. రెండింటికి గేటు లోపల గంట మోగింది. బయట సక్రు, సారు గోడ నీడన నిలబడ్డారు. "వస్తది గద సార్?" అని సక్రు నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ సారు తల ఊపాడు. అయిదు దాటాక గోరీ బయటికొచ్చింది.

"ఎన్ని ఇడిసిపెట్టినవ్ బిడ్డా?"

"ఆరు. రాక ఇడిసిన సార్. వచ్చినయన్నీ నింపిన."

జూన్‌లో ఫలితాలొచ్చాయి. నాలుగువందల డెబ్భై ఒకటి. సీటుకు సరిపోతుంది. సక్రు మిఠాయి డబ్బాతో వచ్చి సారును అమాంతం కావలించుకున్నాడు.

"మీ లెక్క తప్పింది సార్! నలభై తగ్గలే, ఉల్టా మూడెక్కింది!"

అందరూ నవ్వారు. సారు చేతిలో మిఠాయి చేతిలోనే ఉండిపోయింది. అదే భయం, అదే ఎండ. మరి ఈ పిల్లకెందుకు తగ్గలేదు? లోపలికెళ్ళి పాత నోటుబుక్కు తీశాడు. ఏటేటా నలభై, నలభై, నలభై. ఛీ, ఎంత గుడ్డివాణ్ణి! ఆ నలభై భయానిదీ కాదు, ఎండదీ కాదు. తను జాలితో ఇచ్చిన పది నిమిషాలది.

ఒక పేరు దగ్గర వేలు ఆగింది. అనిత, కాటారం, ఏడేళ్ళ కిందటి పిల్ల. పదకొండు మార్కుల తేడాతో సీటు పోయింది. అప్పుడు ఆమె తండ్రి బిక్షపతి వచ్చి ఎందుకిట్లయిందని అడిగితే, "పిల్లకు చదువున్నది, గుండె లేదు" అని చెప్పింది ఈయనే.

ఆ వచ్చిన ఆదివారం హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లి వెళ్ళాడు. అనిత అక్కడో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. సారును చూసి గబగబా కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు, ఆ పది నిమిషాల సంగతి నిలబడే చెప్పేశాడు.

అనిత చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది.

"పదమూడు గోళాలు నింపకుండ ఇచ్చొచ్చిన సార్. జవాబులన్నీ వచ్చు. చెయ్యి వణికింది అనుకున్న. పిరికిదాన్ని అనుకున్న. బాపు గూడ గట్లనే అనుకున్నడు. మళ్ళ రాస్త అంటే, గుండె లేనిదానికి ఎందుకే అన్నడు."

"తప్పు నాది బిడ్డా."

"నాకు జెప్తే ఏమొస్తది సార్?" అంటూ ఆమె చున్నీతో కళ్ళు తుడుచుకుని, గోడకున్న సంచి అందుకుంది. "కాటారం బస్సు ఇంకో పావుగంటల ఉన్నది. రాండ్రి. గీ మాట మా బాపు ముందట చెప్పుండ్రి."