మాడిపోయిన కోకో గింజలు

ఏలూరు దగ్గర మా బాబాయి తన కొబ్బరితోటలో చెట్ల మధ్య కోకో వేశాడు. ఏదో పని మీద హైదరాబాద్ వస్తూ, ఎండిన గింజలు ఒక సంచిలో పోసి మణికొండలోని మా ఫ్లాట్‌కి తెచ్చాడు. చిన్నప్పుడు ఆ కాయలు పగలగొట్టుకుని, గింజల చుట్టూ ఉండే తెల్లటి గుజ్జు చప్పరించి, గింజలు ఊసేసేవాళ్ళం. ఆ ఊసేసిన గింజకీ కొట్లో దొరికే చాక్లెట్‌కీ చుట్టరికం ఉందంటే నా మనసు ఎప్పుడూ నమ్మలేదు.

మా ఆఫీసు టీమ్‌లో మెక్సికో నుంచి పనిచేసే అమ్మాయి ఒకామె ఉంది. మీటింగు మొదలయ్యేలోపు మాటల్లో ఈ గింజల సంగతి చెబితే కుర్చీలోంచి లేచినంత పని చేసింది. వాళ్ళ అమ్మమ్మ చేసే పద్ధతి చెప్పింది. గింజలు వేయించి, పొట్టు తీసి, రాతి మీద నూరి, దాల్చినచెక్క, ఎండుమిర్చి కలిపి, మరిగే నీళ్ళలో వేసి నురగ వచ్చేదాకా చిలకాలట. చిలికే కర్రను కెమెరా ముందు పెట్టి చూపించింది. అచ్చం మన కవ్వమే! ఆ శనివారమే చేసి చూడాలనుకున్నాను.

క్రిస్మస్‌కి ఇంకా పది రోజులున్నాయి. మావారు పాటల ప్రాక్టీసుకని మధ్యాహ్నమే చర్చికి వెళ్ళారు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ మిగిలాం. ఆమెది మెదక్ వైపు. సర్వీసంతా ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేసి, రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చారు. వచ్చిన మర్నాటి నుంచే వంటిల్లు ఆమె చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఉద్యోగం చేసే కోడలిగా నేను దానికి సంతోషించానే తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

సగం గింజలు ఇనుప మూకుట్లో పోసి పొయ్యి మీద పెట్టానో లేదో ఆఫీసు నుంచి ఫోన్. ఏదో సర్వర్ ఆగిపోయిందట, వెంటనే ఆన్‌లైన్‌లోకి రమ్మన్నారు.

"అత్తయ్యా, కాస్త తిప్పుతూ ఉంటారా? మొదట పుల్లటి వాసన వస్తుందట. తర్వాత కేకు కాలుతున్నట్టు కమ్మగా వస్తుందట. అది రాగానే దించెయ్యండి."

ఆమె ఒక్క క్షణం ఆగి, "నువ్వు పో బిడ్డా, నేను చూస్త," అన్నారు.

పడకగది తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే ముప్పావుగంట పట్టింది. పని ముగించి తలుపు తీశాను. మాడు వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. హాలంతా అదే వాసన. అత్తగారికేమైనా అయిందేమో, పడిపోయారేమోనని వంటింట్లోకి పరిగెత్తాను.

అత్తగారు పొయ్యి ముందు నిలబడి ఉన్నారు. చిమ్నీ హోరుమంటోంది. ఆమె ఏదో క్రిస్మస్ పాట కూనిరాగం తీస్తూ, నిదానంగా గరిటె తిప్పుతున్నారు. మూకుట్లో గింజలు బొగ్గులైపోయాయి.

నన్ను చూసి నవ్వారు. "ఇంకా ఎంతసేపు తిప్పాలె బిడ్డా? కండ్లు మండుతున్నయని చిమ్నీ పెద్దగ పెట్టిన."

పొయ్యి కట్టేశాను. దగ్గు ఆపుకుంటూ, "మాడిపోయాయి అత్తయ్యా! ఇంత వాసనొస్తుంటే తెలియలేదా?" అన్నాను. నా గొంతులో విసుగు నాకే వినబడింది.

"జర జలుబు చేసింది." ఆమె ముఖం పక్కకు తిప్పుకున్నారు.

ఆమెకు జలుబు లేదు. పొద్దున్నించీ ఒక్క తుమ్ము తుమ్మలేదు. అప్పుడు నాకేం తోచిందో తెలీదు, అల్మరాలోంచి ఇంగువ డబ్బా తీశాను.

"ఒక్కసారి కళ్ళు మూసుకోండి అత్తయ్యా."

"ఏందిది, నాకే పరీక్ష పెడ్తున్నవా?" అన్నారు గానీ కళ్ళు మూసుకున్నారు. మూత తీసి ఆమె ముక్కు కింద పెట్టాను. నిండా గాలి పీల్చారు. కాసేపు ఆలోచించారు.

"యాలకులా?"

కళ్ళు తెరిచి నా చేతిలోని పసుపుపచ్చ డబ్బా చూశారు.

"ఎప్పట్నించి?" అన్నాను.

"కరోనా వార్డుల డ్యూటీ చేసిన కాడి సంది."

ఏళ్ళు! అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర, రోజుకు రెండు పూటలా ఆమె వండింది తిన్నవాళ్ళం. మాకు తెలియలేదు.

"మరి వంట ఎలా చేస్తున్నారు?"

"పప్పు ఏగితే రంగు మారుతది. పోపు ఏగితే సప్పుడు మారుతది. అన్నిటికి గుర్తులుంటయి. ఇవి ముందే నల్లగున్నయి, ఎట్ల తెలుస్తది?" మూకుడు వైపు చూపిస్తూ, తప్పు చేసిన పిల్లలా అన్నారు.

ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. విరిగిపోయిన పాలతో ఆమె టీ పెట్టిన రోజు నేను నవ్వాను. కూర దించే ముందు ప్రతిసారీ, "వాసన మంచిగొస్తుందా?" అని అడిగితే, మెప్పు కోసమని అనుకున్నాను. అది మెప్పు కోసం కాదు, మా ముక్కులు అరువడుగుతున్నారు. ప్రతి ముద్దకూ ఆవకాయ నంజుకుంటుంటే, బీపీ అని చెప్పి జాడీ తీసి పై అరలో దాచేసింది నేనే. ఆ సంగతి చెబితే ఆమె తల ఊపారు. "కారమొక్కటే నాకు గట్టిగ తెలుస్తది బిడ్డా. మిగిలినదంత గడ్డి నమిలినట్టుంటది."

అప్పుడు గ్యాస్ సంగతి గుర్తొచ్చింది. దసరా ముందు ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీస్తే ఇల్లంతా గ్యాస్ వాసన. అత్తగారు సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నారు. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. నేను పొయ్యి కట్టేసి, కిటికీలు తెరిచి, కునుకు తీసి ఉంటారులే అని సరిపెట్టుకున్నాను. ఆమె కునుకు తియ్యలేదు. మెలకువగానే ఆ వాసనలో కూర్చుని ఉన్నారు. ప్రార్థనకు కొవ్వొత్తి వెలిగిద్దామని ఆ పూట ఆమెకు అనిపించి ఉంటే?

అక్కడే నేల మీద కూలబడ్డాను.

"నర్సు అయ్యుండి ఎందుకు దాచారు అత్తయ్యా?"

ఆమె కూడా మెల్లగా నా పక్కన కూర్చున్నారు. "చెప్తె వంటింట్లకు రానిస్తరా? పొద్దుగాల మీరిద్దరు పోతరు. పొద్దంత ఏం జెయ్యాలె నేను?" కొంగుతో మూతి తుడుచుకున్నారు. "నాతోని డ్యూటీ చేసినామె పానం పోయింది. నాకు ముక్కు పోయింది. దీన్ని ఒక బాధ అని ఎవలకు చెప్పుకోవాలె?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమే ముందు తేరుకున్నారు. "ఇగ లే. సంచిల ఇంకా సగమున్నయి. ఏదో తాగిపిస్త అన్నవు గద."

రెండోసారి గరిటె ఆమె చేతిలోనే ఉంది. నేను పక్కన నిలబడి వాసనలు చెప్పాను. పులుపు వస్తోంది, పులుపు తగ్గింది, ఇప్పుడు కమ్మగా వస్తోంది. గింజలు చిటపటమనడం మాత్రం ఆమే ముందు విన్నారు. చల్లార్చి, పొట్టు తీసి, చిన్న రోట్లో వేసి ఆమే నూరారు. పొడి కాస్తా జిడ్డు దిగి ముద్దయ్యేసరికి, "నువ్వులు నూరినట్టే ఉన్నది," అని ఆశ్చర్యపోయారు. దాల్చినచెక్క, గింజలు తీసిన ఒక ఎండుమిరపకాయ, బెల్లం, చిటికెడు ఉప్పు వేశాం. మరిగే నీళ్ళలో కలిపి, కవ్వం అరచేతుల మధ్య పట్టుకుని ఆమె చిలుకుతుంటే ఎర్రటి నురగ అంచు దాకా లేచింది.

మొదటి గుక్క ఆమే తాగారు. గ్లాసు దించి, గొంతు మీద చెయ్యి పెట్టుకున్నారు. మిరపకాయ ఎక్కువైందేమోనని నేను నీళ్ళు అందుకున్నాను. వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"తెలుస్తున్నది," అన్నారు. "ముందుగాల చేదు. ఎనుక తీపి. చెక్క నాలుక మీద సుర్రుమంటున్నది. మిరపకాయ గొంతుల దిగుతున్నది. ఇన్ని ఒక్కపారి తెలిసి ఎన్నేండ్లాయె!" ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అది కారమో ఏడుపో నేను అడగలేదు.

ప్రాక్టీసు నుంచి వచ్చిన మావారికి విషయం చెబితే చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయారు. "అమ్మా, మొన్న బేకరీలో కేకు వాసన ఎంత మంచిగుందో అన్నవు గదనే!"

"మీరిద్దరన్నరు. నేను గూడ అన్న," అన్నారామె.

మర్నాడే గ్యాస్ లీకైతే మోగే యంత్రం వంటింట్లో బిగించాం. సోమవారం గచ్చిబౌలిలో చెవి, ముక్కు డాక్టరుకు చూపించాం. ఇన్నేళ్ళ తర్వాత వాసన తిరిగి వస్తుందని కచ్చితంగా చెప్పలేనన్నాడు. ముక్కుకు మళ్ళీ అలవాటు చెయ్యడానికి లవంగం, నిమ్మతొక్క, గులాబీ నూనె, నీలగిరి తైలం నాలుగు సీసాల్లో పెట్టుకుని, రోజూ రెండు పూటలా ఒకదాని తర్వాత ఒకటి పీల్చమన్నాడు. వంట మానాలా అని అత్తగారు భయంభయంగా అడిగితే, అవసరం లేదన్నాడు. దారి పొడుగునా ఆమె ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నారు.

జనవరి గడిచింది, ఫిబ్రవరి గడిచింది. నాలుగు సీసాలూ వరుసగా పీల్చి, "ఏం లేదు," అనేవారు.

మార్చిలో ఒక ఉదయం బాత్రూంలోంచి కేక వినబడింది. జారిపడ్డారని నేనూ మావారూ పరిగెత్తాం. అత్తగారు తలుపు తెరిచి, సబ్బును చేతికి దూరంగా పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఛీ, ఏం సబ్బు తెచ్చినవ్‌రా! రబ్బరు కాలినట్టు కంపు!"

అది మల్లెపూల సబ్బు. మావారు నోరు తెరిచి నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. మొదట్లో వాసనలు ఇలా తప్పుగా తెలుస్తాయని, అది మంచి సూచనేనని డాక్టరు తర్వాత ఫోన్‌లో చెప్పాడు. ఆ క్షణంలో మాత్రం మాకదేమీ తెలియదు. ఆమె ఆ సబ్బును మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు, ముఖం చిట్లించుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.