విమానాల బీడు కావలివాడు

పెనుకొండకు, హిందూపురానికి నడుమ ఉన్న ఆ మైదానాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు విమానాల బీడు అనేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మిలిటరీవాళ్లు రైతుల పొలాలు తీసుకుని, విమానాలు దిగడానికి అక్కడ సిమెంటు బాట పరిచారు. యుద్ధం ముగిశాక విమానాలు రావడం మానేశాయి. మిలిటరీ కూడా వెళ్లిపోయింది. ఆ బాట, పైకప్పు లేని షెడ్లు, ఒక కావలి మనిషి మిగిలారు. మొదట దేవసహాయం నాయన, ఆయన పోయాక దేవసహాయం అక్కడ కావలి ఉన్నారు.

కావలి అన్నమాటే గానీ దేవసహాయం ఎవరినీ వెళ్లగొట్టేవాడు కాదు. రైతులు ఆ బాట మీదే వేరుశనక్కాయలు ఎండబోసుకునేవాళ్లు. పక్కనున్న చేలో ఆంజనప్ప, అతని భార్య నరసక్క ఉలవలు, కందులు వేసేవాళ్లు. ఆ నేల ఒకప్పుడు ఆంజనప్ప తాతది. మిలిటరీ పోయినప్పటి నుంచి మళ్లీ ఆ కుటుంబమే దున్నుకుంటోంది. నరసక్క తెచ్చే సంగటిలో దేవసహాయానికీ ఒక ముద్ద ఉండేది. "అన్నా, తిందువు రా" అని గట్టు మీద నుంచి కేకేసేది.

తొంభై ఏడు వేసవిలో ఆ బీడును ఇంజనీరింగ్ కాలేజీకి ఇస్తున్నారని తెలిసింది. అక్కడ ఎవరైనా సేద్యం చేస్తున్నట్టు విచారణలో తేలితే వాళ్లకు వేరేచోట భూమి ఇస్తారన్నారు. ఊళ్లో పెద్దమనుషుల్ని సాక్ష్యానికి పిలుద్దామనుకున్నాడు ఆంజనప్ప.

"ఎవురూ వద్దు. మన దేవసహాయమన్న ఉండాడు గదా. ఆయప్ప ఒక్క మాట చెప్తే సాలు" అంది నరసక్క.

విచారణకు ముందురోజు కాలేజీ తరఫు మనిషి గంగాధర్ దేవసహాయం ఇంటికొచ్చాడు. ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న అతని కూతురు ప్రేమలత అప్పుడు ఇంట్లో లేదు.

"మీ పాపకు ఆఫీసులో పని ఖాయం. రేపు మాత్రం ఈడ ఎవురూ సేద్యం చెయ్యలేదని చెప్పాల" అన్నాడు.

మరునాడు రెవెన్యూ అధికారి వేసవి కావడంతో బోసిగా ఉన్న చేను చూసి, "ఏమయ్యా, ఇక్కడ ఎవరైనా పంట పెడతారా?" అని అడిగాడు.

ఆంజనప్ప, నరసక్క ఎదురుగానే నిలబడి ఉన్నారు. దేవసహాయం బాట వైపు చూస్తూ, "లేదు సార్. అంతా బీడే" అన్నాడు.

"అన్నా!" అంది నరసక్క. ఆంజనప్ప ఎంత మొత్తుకున్నా అధికారి వినలేదు.

కాలేజీ లేచింది. సిమెంటు బాట మీద తారు పోసి లోపలి రోడ్డు చేశారు. ప్రేమలతకు ఉద్యోగం, దేవసహాయానికి గేటు దగ్గర కాపలా పని వచ్చాయి. కొన్నాళ్లకు నరసక్క కూడా అక్కడే ఊడ్చే పనికి చేరింది. గేటు దాటేటప్పుడు దేవసహాయం వైపు తల తిప్పేది కాదు. ఆదివారం చర్చిలో అతను అందరితో పాటు మోకరించేవాడు గానీ ప్రార్థన నోట్లోంచి వచ్చేది కాదు.

ఒకనాడు ప్రేమలత అడిగింది. "నాయనా, నిన్ను నమ్మిందని నరసక్కతో కొట్లాడి ఆంజనప్ప ఇల్లు వదిలి పోయినాడంట. ధర్మవరంలో చీరల అంగడి కాడ మూటలు మోస్తాండాడంట. నువ్వు ఎందుకట్ల చెప్తివి?"

దేవసహాయం మరునాడే ధర్మవరం బస్సెక్కాడు.

అంగడి ముందు అతన్ని చూసి ఆంజనప్ప మూట దించాడు.

"తప్పు నాది. ఆయమ్మ ఏం చేసింది? ఇంటికి పో అప్పా" అన్నాడు దేవసహాయం.

ఆంజనప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "పెద్దమనుషుల్ని పిలిచే పని నాది. నేనూ నిన్నే నమ్మి పిలవకపోతి. ఆ మాట ఒప్పుకోను చేతగాక అంతా దాని మీద ఏసినా. నువ్వు పోప్పా ఈణ్ణించి" అని మళ్లీ మూట భుజానికెత్తుకున్నాడు.

ఆ వారంలోనే ఆంజనప్ప ఇంటికొచ్చేశాడు. నరసక్క గేటు దగ్గర ఆగింది.

"ధర్మవరం పోయింటివంట."

"అవునమ్మా."

"మనిషి వచ్చినాడు. సేను రాదు గదన్నా" అని లోపలికి వెళ్లిపోయింది.

దేవసహాయం రెవెన్యూ ఆఫీసుకు పోయి జరిగింది చెప్పాడు. భూమి ఎప్పుడో చేతులు మారిందని, ఇప్పుడేమీ చేయలేమని పంపేశారు. గేటు పని మానేశాడు. ఉద్యోగం ఎలా వచ్చిందో కూతురికి కూడా చెప్పాడు. ప్రేమలత ఏడ్చింది గానీ పని మానలేదు. ఇల్లు గడవడానికి ఇప్పుడు ఆ జీతమొక్కటే ఆధారం. పొద్దున ఆమె కాలేజీకి బయల్దేరుతుంటే దేవసహాయం తలెత్తి చూసేవాడు కాదు.