మా రేవులో ఎవరూ ఏడవని సినిమా

మొన్న ఆదివారం మధ్యాహ్నం నా మనవరాలు ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టింది. "నానమ్మా, ఈ సినిమా కైసా హై, బోలో. ఐదు స్టార్లలో ఎన్నిస్తావ్?" అంది. ఈ మధ్య దానికి ఇదొక పని. చూసిన ప్రతి సినిమా మీదా, ప్రతి సీరియల్ మీదా అభిప్రాయం చెప్పి కాలేజీ స్నేహితులకి పంపిస్తుంది. నావి కూడా పంపిస్తే వాళ్ళు పడి పడి నవ్వుతున్నారట. నవ్వనీ. నేను చూసింది చూసినట్టు చెప్తాను. సాయంత్రం సీరియల్లో కోడలు పట్టుచీర కట్టుకుని కూరలు తరుగుతుంది. దాని మీద ఒక్క చుక్క నూనె పడితే ఆ చీర గతేమిటి? పట్టపగలు గదికి నాలుగేసి దీపాలు వెలుగుతుంటాయి, ఆర్పే మనిషి ఉండదు. వంటల పోటీ చూస్తే నాకు కడుపు మండిపోతుంది. ఇంత చేపని తల తీసి, తోలు తీసి, నడుమ నుంచి అరచేయంత ముక్క కోసి పళ్ళెంలో పెడతారు. మిగతాది ఎక్కడికి పోయిందో చూపించరు. ఆ తలకాయతో పులుసు పెడితే నలుగురు తింటారు. వీటిలో దేనికీ నేను స్టార్లు ఇవ్వలేదు. పిల్ల సగం స్టారైనా ఇమ్మని బతిమాలింది, అదీ ఇవ్వలేదు.

ఆ రోజు చూస్తున్నది మాత్రం సముద్రం సినిమా. పడవ రాలేదు. ఒడ్డున ఆడవాళ్ళు జుట్లు విరబోసుకుని గుండెలు బాదుకుంటున్నారు, వెనక పెద్దగా వాయిద్యాలు. పక్కకి తిరిగి చూస్తే మనవరాలి బుగ్గల మీద నీళ్ళు. ఫోన్ లాక్కుని బోర్లా పెట్టేశాను. "కళ్ళు తుడుచుకో. మీ నాన్న షిప్పు మీదున్నాడు" అన్నాను. మా అబ్బాయి నికోబార్ వైపు తిరిగే షిప్పులో ఇంజను గదిలో పని చేస్తాడు, ఆ రోజు గాలి కూడా సవ్యంగా లేదు. "అరె, అది సినిమా నానమ్మా" అంది పిల్ల. "సినిమాకే చెప్తున్నాను" అన్నాను. మూతి ముడుచుకుని లోపలికి పోయింది. ఎందుకలా అన్నానో దానికి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. దానికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు, కాబట్టి మూడో తరగతితో ఆగిపోయిన నా రాతలో తప్పులు పట్టే భయం కూడా లేదు.

అప్పటికి మేం పోర్ట్ బ్లెయిర్ పక్కన, ఇప్పుడుంటున్న ఈ బ్రూక్షాబాద్ రాలేదు. రేవు పక్కనే వరసగా రేకుల ఇళ్ళు, అన్నీ వైజాగ్ అవతలి తీరం నుంచి షిప్పెక్కి అండమాన్ వచ్చిన మా వాళ్ళవే. మా ఇంట్లో మా అత్త, నా భర్త, నేను, మా మరిది, ఆ ఏడే అతన్ని కట్టుకుని వచ్చిన నా తోటికోడలు. షిప్పులో దారంతా వాంతులు చేసుకుని, పసుపుకొమ్ములా దిగిన పిల్ల. ఇంటి మీద బెంగ పోవాలని ఎప్పుడూ ఏదో ఒక పాట గొణుక్కుంటూ అంట్లు తోమేది, తోమినన్నిసార్లూ బూడిద ఎక్కువ వాడేసేది. నన్ను అక్క వరసన "అప్పా" అని పిలిచేది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంజను పడవ మీద వేటకి వెళ్ళేవారు. మా అత్తకి ఒక కట్టడి ఉండేది: ఇంటి పడవ నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఇంట్లో ఏ ఆడదాని కంటా తడి కనపడకూడదు. కంట్లో ఉప్పునీళ్ళు కారితే సముద్రానికి తెలిసిపోతుందని ఆవిడ నమ్మకం. ఉల్లిపాయలు కూడా పడవ ఒడ్డున ఉన్న రోజే తరగాలి. నేను దాన్ని నమ్మానా అంటే ఏమో, చెప్పలేను. పాటించాను. మా అమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చిన రోజు పడవ బయటే ఉంది. మడిచి బియ్యం డబ్బా కింద పెట్టి, ఆయన వచ్చి వలలు ఆరేసుకున్నాకే చెప్పాను. అప్పటికి ఏడుపు ఎటో పోయింది.

ఆ రోజుల్లో తెలుగు సినిమా మాకు షిప్పులో వచ్చేది. ఎవరో ఒకరు వైజాగ్ నుంచి క్యాసెట్టు పట్టుకొస్తే, పోర్ట్ బ్లెయిర్ బజారు నుంచి వీసీఆర్ అద్దెకి తెచ్చుకుని, వరస ఇళ్ళ ఆడవాళ్ళందరం టీవీ ఉన్న ఇంట్లో చేరేవాళ్ళం. ఆ మధ్యాహ్నం అత్త చేపలు అమ్ముకోడానికి బజారుకి వెళ్ళింది. అన్నదమ్ములు పొద్దున్నే వేటకి వెళ్ళారు, మర్నాడు పొద్దునకి రావాలి. సినిమాలో ఒక ఇల్లాలుంది. ఆమె మీద మొగుడికి అనుమానం. చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ఊరూరూ తిరుగుతుంది. మొదటి రోజే మొగుణ్ణి కూర్చోబెట్టి జరిగింది ఒక్క ముక్క చెప్పి ఉంటే అరగంటలో సినిమా అయిపోయేది, అద్దె మిగిలేది. ఇంట్లో బియ్యం లేవని గిన్నె కడిగిన నీళ్ళు తాగుతుంది గానీ, చేతుల నిండా గాజులు అలాగే ఉన్నాయి. నేను చేట ఒళ్ళో పెట్టుకుని చింతపండులో పిక్కలు తీస్తూ చూశాను. కూర్చున్నంతసేపు పనైనా అవుతుంది కదా. తక్కినవాళ్ళందరూ వెక్కి వెక్కి ఏడ్చారు. సినిమా మంచిదా కాదా అని తేల్చడానికి మా రేవులో కొలత అదే. మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర అదే మాట. "నా కొంగు పిండితే గలాసుడు నీళ్ళు వచ్చీవి" అని ఒకామె. "నాకైతే తలనొప్పి వచ్చీసింది. మళ్ళీ ఓపాలి సూడాల" అని ఇంకొకామె.

బిందెలు ఇంటికి చేరేసరికి మిగతా పడవలు వచ్చేశాయి. మాది రాలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది, రాలేదు. ముందురోజు దక్షిణం వైపు దూరంగా కనపడ్డారని ఒకాయన చెప్పాడు, ఆ తర్వాత చూసినవాళ్ళు లేరు. రెండు పడవలు వెతకడానికి వెళ్ళాయి. మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. నీళ్ళు సీసం రంగులోకి మారాయి. మా అత్త రేవులో నిలబడింది నిలబడినట్టే ఉంది. ఎవరు మంచినీళ్ళిచ్చినా పుచ్చుకోలేదు. ఇంతలో సినిమా సంగతి ఎవరో ఆవిడ చెవిన వేశారు. ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. ఆవిడ విసవిసా మా వాకిట్లోకి వచ్చింది, వెనక వరస ఇళ్ళ ఆడవాళ్ళందరూ వచ్చారు.

"సినిమా సూసి ఎవులేడిసినారు?" అంది. గట్టిగా కూడా అనలేదు.

"నానా? నాకేడుపే రానేదు అత్తా" అంది గలాసుడు నీళ్ళు పిండిన మనిషి. "ఏటుంది ఆ సినిమాలో, మట్టి."

"నాను సగంలోనే నిద్దరోయినాను."

"పాటలు కూడా బాగునేవు."

పొద్దున్న కుళాయి దగ్గర అంత గొప్పదైన సినిమా పొద్దుగూకకుండానే ఇలా అయిపోయింది. ఒక్కొక్కరే చెప్పి వెనక్కి జరుగుతున్నారు. చివరికి నా తోటికోడలు మిగిలింది. గోడకి ఆనుకుని, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. అబద్ధం చెప్పొచ్చని ఆ పిల్లకి తోచనే లేదు.

"నానేడిసినాను అత్తా."

"ఇంటి పడవ బయటుందని తెల్దా?"

"తెల్సు. ఆపుకోనేకపోయినాను."

మా అత్త లోపలికి వెళ్ళి ఆ పిల్ల రేకు పెట్టె ఈడ్చుకొచ్చి వాకిట్లో పడేసింది. "వచ్చీ షిప్పుకి దీన్ని వాళ్ళమ్మ కాడికి పంపీండి. నా కొడుకొస్తే నాను సెప్పుకుంటాను" అంది. కొడుకొస్తే అన్న మాట దగ్గర ఆగి, కొంగు నడుముకి బిగించింది.   నాకు ఆ పెట్టె చూస్తే ఒకటే అర్థమైంది. మగవాళ్ళు రాకపోతే, మొగుణ్ణీ బావనీ కళ్ళతో ముంచేసిన మనిషని ఈ పిల్లని బతికున్నన్నాళ్ళూ అంటారు. ఏ ఊరు పంపినా ఆ మాట దానికంటే ముందు షిప్పు దిగుతుంది. ఆ పడవ మీద నా మనిషి కూడా ఉన్నాడు. ఆ సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తు లేదు, నేనూ పైకి రానివ్వలేదు.

"నానూ ఏడిసినాను" అన్నాను.

మా అత్త నెమ్మదిగా నా వైపు తిరిగింది. "నువ్వా? కన్నతల్లి పోతే ఏడవనేదు నువ్వు. సినిమాకి ఏడిసినావా?"

"ఏడిసినాను."

"ఎక్కడ?"

అందరూ నా నోటివైపే చూస్తున్నారు. "ఉన్న నాలుగు మెతుకులూ పిల్లోడికి పెట్టీసి, తను గిన్నె కడిగిన నీళ్ళు తాగుతాది సూడు. అక్కడ" అన్నాను. ఆ సినిమాలో నాకు అన్నిటికంటే ఒళ్ళు మండిన చోటు అదే, అందుకే ముందుగా నోటికొచ్చింది. ఆవిడ నా కళ్ళలోకి చాలాసేపు చూసింది. ఊరుకుంటుందేమో అనుకున్నాను. లోపలికి వెళ్ళి నా పెట్టె కూడా తెచ్చి పక్కన పెట్టింది.

ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. మేమిద్దరం పెట్టెల మీద కూర్చున్నాం. "నువ్వేడవనేదు కదప్పా. సింతపండు తీస్తన్నావు" అంది తోటికోడలు గుసగుసగా. "నోర్ముయ్యి. ఇప్పుడు గానీ ఏడిసినావంటే నానే నిన్ను షిప్పెక్కించీస్తాను" అన్నాను. అది పళ్ళు బిగబట్టి సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. ఆ రాత్రి గురించి రాయను. మర్నాడు ఎండెక్కాక రేవులో కేకలు వినిపించాయి. వెతకడానికి వెళ్ళిన పడవ ఒకటి మా పడవని తాడు కట్టి లాక్కొస్తోంది. ఇంజను చచ్చిపోయి, ఎటు గాలి తోస్తే అటు కొట్టుకుపోయారట. ఇద్దరి పెదాలూ పగిలి ఉన్నాయి. మరిది దిగి రెండడుగులు వేసి ఇసకలో కూలబడ్డాడు. మా ఆయన నన్ను చూసి, "వల పోనేదు" అన్నాడు. మా అత్త కొడుకులిద్దరినీ తలల దగ్గర నుంచి కాళ్ళ దాకా తడిమి, ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా రెండు పెట్టెలూ తనే లోపలికి లాగింది. "గంజి పెట్టండి" అంది. అంతే. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. కుళాయి దగ్గర మాత్రం సినిమా మళ్ళీ గొప్పదైపోయింది, కొంగులు మళ్ళీ తడిశాయి.

ఇంజను విప్పి బాగు చేస్తున్నన్నాళ్ళూ పడవ ఒడ్డునే ఉంది. ఒక మధ్యాహ్నం మా అత్త, "ఆ సినిమా మళ్ళీ తెప్పించండి, నాను సూస్తాను" అంది. సినిమా అంటేనే గిట్టని మనిషి. టీవీకి ఎదురుగా కూర్చుంది, కొడుకులిద్దరూ గుమ్మంలో. సినిమా చూసినవాళ్ళు తక్కువ, ఆవిణ్ణి చూసినవాళ్ళు ఎక్కువ. ఇల్లాల్ని గెంటేసినప్పుడు ఆవిడ కదల్లేదు. గిన్నె నీళ్ళు తాగే చోట నావైపు ఒక్కసారి చూసి, "దీనికేడిసినావా?" అంది. నేను టీవీ వైపు చూపించాను. ఆ తర్వాత ఒక చిన్న ముక్క వస్తుంది, ఎవరూ పట్టించుకోనిది. ఆ ఇల్లాలి తండ్రి పనినుంచి ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చుని, కాసిని మంచినీళ్ళు తెమ్మని అడుగుతాడు. అంతే. అక్కడ మా అత్త కొంగు మొహం మీదికి లాక్కుంది. భుజాలు కదిలిపోతున్నాయి. తర్వాత నవ్వుల ముక్కలు వచ్చాయి, పెళ్ళి పాట వచ్చింది, ఆవిడ ఏడుస్తూనే ఉంది. ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. కొడుకులిద్దరూ గుమ్మంలోనే ఉన్నారు, వద్దనే హక్కు సముద్రానికి కూడా లేదు.

మా మామ వేటకి వెళ్ళి తిరిగి రానప్పుడు నా భర్తకి పాలపళ్ళైనా ఊడలేదట. ఆ తర్వాత ఆవిడ అన్నల పడవలు, అవయ్యాక కొడుకుల పడవ, ఎప్పుడూ ఏదో ఒకటి నీళ్ళ మీదే ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ దుఃఖం దానంతటదే చిన్నదైపోతుందనుకుంటాం గానీ, మా అత్తది మాత్రం పడవలన్నీ ఒడ్డుకి చేరిన ఒక్క మధ్యాహ్నం కోసం అంతకాలమూ అలాగే కూర్చుంది.