తెలియదు అనే వరస

ఐలా కుర్కి అంకెలకి గోదాములు కట్టే మనిషి. ఫిన్లండులో, అడవికీ సముద్రానికీ మధ్యనున్న ఒక ఆరోగ్య మండలిలో ఇరవై ఆరేళ్లుగా ఆమెది అదే పని. ఆస్పత్రి రాసుకునే లెక్క ఒకటి, అంబులెన్సువాళ్లది ఇంకోటి, ఇళ్లకెళ్లి మందులిచ్చే నర్సులది మరోటి. ఎవరి గోల వాళ్లది. వాటన్నిటినీ రోజూ ఒకచోటికి తెచ్చి, ఒక్క తీరుకి మార్చి పేర్చిపెట్టేదే ఆ గోదాము, డేటా వేర్‌హౌస్. మండలి పెద్దలకి అంత గోదాములో వెతుక్కునే ఓపిక ఎక్కడిది? అందుకని ఎవరికి కావలసింది వాళ్లకి చిన్న చిన్న కొట్లుగా విడదీసి పెడతారు. నర్సుల కొట్టు ఒకటి, అంబులెన్సుల కొట్టు ఒకటి. ఏ ఊళ్లో ఏది ఉంచాలో, ఏది మూసెయ్యాలో మండలి సభ ఆ కొట్లలో చూసే తేల్చేది.

మనిషి నెమ్మది. పదకొండు కొట్టేసరికి డబ్బాలోంచి రై రొట్టె, ఉప్పుచేప తీసుకుని కిటికీ దగ్గర ఒక్కతే తినేది. పెళ్లి చేసుకోలేదు. "మనుషులకంటే పట్టికలే నయం, మాటకి మాట అనవు" అనేది. పనిలో మాత్రం ఒకటే మొండిపట్టు: లోపలికి వచ్చిన నమోదు ఒక్కటి కూడా పారేయకూడదు. ఏ ఊరిదో తేలని నమోదు వస్తే దానికోసం ఊళ్ల పట్టిక అడుగున "తెలియదు" అని ఒక వరస పెట్టింది. ఆ పని తెలిసినవాళ్లంతా అలాంటిదొకటి పెడతారు గానీ, ఐలాకి దానిమీద ప్రేమ. ఊరూ పేరూ లేకపోయినా వాళ్లూ మనుషులే కదా, అని కొత్తగా చేరినవాళ్లకి చెప్పేది.

ఆ వరసే పై అధికారి ఓస్మోకి కంట్లో నలుసైంది. సభలో చూపించే కడ్డీల బొమ్మలో ఊళ్ల పేర్ల చివర "తెలియదు" అని బూడిదరంగు కడ్డీ ఒకటి నిలబడేది. ఆ ఏడాది అది మరీ పొడుగ్గా పెరిగింది.

"ఐలా, ఆ తెలియదు ఏంటి తల్లీ? ప్రతిసారీ అడుగుతున్నారు, చెప్పలేక చస్తున్నా."

"అదేంటో తెలియదనే కదా ఓస్మో, ఆ పేరు పెట్టింది."

"వేళాకోళాలొద్దు. కొట్టులో కనపడకుండా చెయ్యి చాలు. గోదాములో ఎలాగూ ఉంటుందిగా."

ఆ చివరి మాటే ఆమెని మెత్తబరిచింది. పారేయడం లేదు, కనపడకుండా చేస్తున్నాం, అంతే కదా అనుకుంది. ఒక గడిలో టిక్కు పెట్టింది. కడ్డీ మాయమైంది. ఎందుకు పెరిగిందో ఎవరూ చూడలేదు, ఆమె కూడా చూడలేదు. ఇరవై ఆరేళ్లు మొండికేసిన మనిషి ఆ ఒక్కరోజు మొండికేసి ఉంటే ఏం పోయేదని నాకు ఇప్పటికీ కోపమే.

రెండేళ్లు గడిచాయి. కివివార నర్సు కేంద్రం సంగతి సభ ముందుకొచ్చింది. మండలిలో అది చిట్టచివరి ఊరు, ఆస్పత్రికి తొంభై కిలోమీటర్లు. అక్కడున్నది ఒక గది, ఒక కారు, వెల్లామో అనే ఒక నర్సు. ఇంటింటికీ తిరిగి సూదులు వేయడం, పుళ్లకి కట్లు కట్టడం ఆమె పని. కొట్టులో చూస్తే ఏడాది మొత్తానికి ముప్పై ఎనిమిది సార్లు ఇళ్లకెళ్లినట్టుంది. ముప్పై ఎనిమిదికి ఒక నర్సూ ఒక కారూనా అన్నారు. కేంద్రం మూసేసి, రోగుల ఇళ్లలో మాట్లాడే తెరలు పెట్టిద్దామన్నారు.

ఓటుకి ఎనిమిది రోజులుందనగా ఐలా వేరే పనిమీద ఆ లెక్కని నెలలవారీగా విడదీసింది. ముప్పై ఎనిమిదీ జూలైలోనే ఉన్నాయి. అదీ రెండు వారాల్లోనే. మిగతా ఏడాదంతా సున్నా. జూలైలో తప్ప ఎవరికీ జబ్బు చేయని ఊరిని ఆమె ఎక్కడా చూడలేదు.

గోదాము అడుక్కంటా దిగి వెతికితే సంగతి బయటపడింది. మూడేళ్ల కింద కివివారని పక్క పురపాలికలో కలిపినప్పుడు ఊరి నంబరు మారింది. వెల్లామో చేతికి పాతికేళ్ల అలవాటు, ప్రతి నమోదులోనూ పాత నంబరే కొడుతూ పోయింది. నర్సులు నమోదులు ఎక్కించే యంత్రం నోరెత్తకుండా తీసుకుంది. గోదాముకి మాత్రం పాత నంబరు ఏ ఊరిదో తెలియదు. జూలైలో వెల్లామో సెలవు పెడితే బదులు వచ్చిన పిల్ల జాబితాలోంచి కొత్త పేరు ఎంచుకుంది. ఆ రెండు వారాలే కివివార కింద పడ్డాయి. వెల్లామో వెళ్లిన తొమ్మిది వందల నలభై ఒక్క సార్లూ ఆ టిక్కు వెనకాల "తెలియదు"లో పడి ఉన్నాయి.

ఐలా కుర్చీలోంచి లేచింది. తిన్నగా ఓస్మో గదికి వెళ్లింది.

"కివివార లెక్క తప్పు. ముప్పై ఎనిమిది కాదు, తొమ్మిది వందల డెబ్బై తొమ్మిది. గంటలో సరిచేస్తాను."

ఓస్మో కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "కొట్లకి తాళం పడి ఆరు రోజులైంది ఐలా."

ఓటుకి రెండు వారాల ముందునుంచి కొట్లలో ఒక్క అంకె కూడా కదలకూడదు. సభ్యులు ఇంటి దగ్గర చదివిన లెక్కా, ఓటేసే రోజు లెక్కా ఒకటే ఉండాలని పదేళ్ల కింద పట్టుబట్టి ఆ నిబంధన రాయించింది ఐలాయే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది.

"నిబంధన నాదే. తప్పూ నాదే. ఈ ఒక్కసారికి తియ్యనివ్వు."

"ఇవాళ నీకు తీస్తే రేపు ఓడిన ప్రతి ఊరూ వచ్చి తియ్యమంటుంది. సంగతంతా ఒక కాగితం మీద రాసి తెచ్చుకో. సభలో నా పక్కన కూర్చో. అధ్యక్షురాలు అడిగితే చెబుదువుగాని."

"అడక్కపోతే?"

"అడుగుతుందిలే."

ఆ సభల్లో అధికారులు అడిగితేనే నోరు విప్పుతారు. ఐలా నీలం స్వెట్టరు వేసుకుని, కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కివివార వంతు వచ్చింది. వెనక వరసలోంచి ఒక ముసలి సభ్యుడు, "ముప్పై ఎనిమిదేనా? మరీ తక్కువగా లేదూ?" అన్నాడు. అధ్యక్షురాలు ఓస్మో వైపు చూసింది.

"కొట్టులో ఉన్న లెక్క అదే," అన్నాడు ఓస్మో.

అందులో అబద్ధమేం లేదు. ఐలా కాగితం పట్టుకుని కుర్చీ అంచుకి జరిగింది. అధ్యక్షురాలి చూపు ఆమె మీదనుంచి గోడ గడియారం మీదకి పోయింది. మీటలు నొక్కారు. ముప్పై ఒకటి మూయమని, ఇరవై రెండు వద్దని. ఐలా పిరికిది కాదు. మర్యాద తెలిసిన మనిషి. లోకంలో మంచివాళ్ల చేతిమీదుగా జరిగే పాడుపనులు సగం ఇలా మర్యాద పాటించబట్టే జరుగుతాయి.

మర్నాడు తాళం తీశాక ఆమె కొట్టు సరిచేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. వసంతంలో మళ్లీ చర్చకి పెడదామన్నాడు ఓస్మో.

వసంతం దాకా ఆగలేని మనిషి తైస్తో. కివివారలో ఒంటరిగా ఉండే డెబ్బై ఒక్కేళ్ల ముసలాయన, ఒకప్పుడు అడవిలో చెట్లు కొట్టినవాడు, చక్కెర జబ్బుతో చూపు దాదాపు పోయింది. రోజూ పొద్దున్నే వెల్లామో వచ్చి ఇన్సులిన్ వేసి వెళ్లేది. కేంద్రం మూసేశాక ఆమె బదులు తెర వచ్చింది. సూది వేసుకున్నావా అని తెర అడిగేది, వేసుకున్నానని అతననేవాడు. ఎంత వేసుకున్నాడో అతనికీ కనపడేది కాదు, తెరకీ కనపడేది కాదు. జనవరిలో ఒకనాడు మంచు తోసే బండివాడు ఆ గుమ్మం ముందు మూడు రోజులుగా అడుగుల జాడ లేదని గమనించి లోపలికెళ్లాడు. తైస్తో వంటింట్లో నేలమీద ప్రాణం లేకుండా పడి ఉన్నాడు.

పత్రికలో ఆ వార్త చదివి ఐలా రెండు రాత్రులు నిద్రపోలేదు. శనివారం కారు తీసుకుని తొంభై కిలోమీటర్లూ వెళ్లింది. వెల్లామో ఆమెని వంటింట్లో కూర్చోబెట్టి, ఎవరు ఏమిటని అడక్కుండానే కాఫీ పోసింది.

"మీ ఊరి లెక్క తప్పుగా చూపించింది నేను," అంది ఐలా.

"ఎంతని చూపించావు?"

"ముప్పై ఎనిమిది."

"తైస్తో గడప ఒక్కటే నెలా ఎనిమిది రోజుల్లో అన్నిసార్లు తొక్కేదాన్ని," అంది వెల్లామో. గొంతులో కోపం కూడా లేదు. "ఎలా తప్పింది?"

ఐలా అంతా చెప్పింది. టిక్కు గురించి, ఓస్మో గురించి, తాళం గురించి. చెబుతున్నకొద్దీ ఆమె గుండె తేలికపడుతూ వచ్చింది. ఊరి నంబరు దగ్గరికి వచ్చేసరికి వెల్లామో చెయ్యెత్తి ఆపింది.

"పాత నంబరు కొట్టింది నేనా?"

"అది నీ తప్పు కాదు. యంత్రం తీసుకోకూడదు. మేం పట్టుకోవాలి. ఒక్క ఫోన్ చేసి ఉంటే..."

"మూడేళ్లు రోజూ నా చేత్తోనే కొట్టానా?"

ఐలా ఇంకా ఏదో చెబుతూనే ఉంది, గోదాము ఎలా కట్టాలో, ఎక్కడ కాపలా పెట్టాలో. వెల్లామో వినడం మానేసింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహం చూశాక గానీ తను దించుకున్న బరువు ఎవరి నెత్తిన పెట్టిందో ఐలాకి అర్థం కాలేదు.

వెల్లామో లేచి కోటు తొడుక్కుంది.

"ఎక్కడికి?"

"తైస్తో చెల్లెలింటికి. నంబరు సంగతి చెప్పాలి."

"నువ్వెందుకు చెప్పడం? ఆవిడ నిన్నేమీ అడగలేదు కదా."

"అడిగేదాకా కూర్చోమంటావా?" అంది వెల్లామో, బూట్లు వేసుకుంటూ.