ఖాదర్ మాస్టారి మొహం

మొన్నటి వానకి వరండాలో పెట్టిన డ్రాయింగ్ కాగితాల కట్ట తడిసింది. ఆరబెడదామని విప్పితే తడి కాగితం వాసన గుప్పుమంది, దాంతోపాటే ఖాదర్ మాస్టారు గుర్తొచ్చారు. రంగు వేసేముందు కాగితాన్ని నీళ్ళతో తడపమనేవారు ఆయన. నేను తెనాలిలో ఏడో తరగతి చదివేటప్పుడు నాకు బొమ్మలు నేర్పినాయన. ఈ వేసవిలో బాపట్లలో, కొడుకింట్లో కన్నుమూశారు. పిల్లల చరిత్ర పుస్తకాలకి బొమ్మలు గీసి ఇవాళ నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆయన చలవే. ఆ మాట పదిమందిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి మొహం చెల్లడం లేదు.

ఆదివారాలు మా ఊరు నందివెలుగులో బస్సెక్కి తెనాలిలో మాస్టారింటికి వెళ్ళేదాన్ని. మొహాలు గీయడం రావాలంటే ఎదురుగా ఎవరో ఒకరు కూర్చోవాలి కదా, గంటల తరబడి కదలకుండా ఎవరు కూర్చుంటారు? ఆయనే కూర్చునేవారు. గద్దముక్కు, ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న చీలిక, గుండెల దాకా దిగిన గడ్డం. బళ్ళో ఆ వారం ఏ చరిత్ర పాఠం చెప్పారో అడిగి, దానికి తగ్గ వేషం కట్టేవారు. తువ్వాలు తలపాగా చుడితే కాకతీయ సేనాని. దుప్పటి భుజాన వేసుకుంటే భట్టిప్రోలు స్తూపం దగ్గరి భిక్షువు. "రాజులు తువ్వాలు చుట్టుకుంటారాండీ?" అని నేను నవ్వితే, "రాజుకి మాత్రం చెమట పట్టదా? ముందు మనిషిని గీయి అమ్మాయ్, కిరీటం తర్వాత పెడుదువుగాని" అనేవారు. ఏళ్ళ తరబడి ఆ మొహం గీసీ గీసీ, చివరికి నా చేతికి కళ్ళతో పనిలేకుండా పోయింది.

పోయినేడాది ఒక ప్రచురణకర్త మధ్యయుగాల చరిత్రని పిల్లలకి బొమ్మలతో వేద్దామన్నాడు. అందులో ఒకచోట సుల్తాను సైన్యం ఊరు తగలబెడుతుంది. "చెడ్డవాళ్ళెవరో పిల్లలకి చూడగానే తెలియాలి మేడమ్" అన్నాడు. నాకూ అందులో తప్పేం కనిపించలేదు, అదీ నా తెలివి. కాగడా పట్టుకున్న సైనికుడికి గడ్డం పెట్టాను, కళ్ళు ఎర్రజేశాను. మిగతాదంతా చేయి దానంతటదే గీసుకుపోయింది. పుస్తకం అచ్చయి రాగానే పొంగిపోయి, మాస్టారికి చూపిద్దామని మొదటి కాపీ పట్టుకుని బాపట్ల వెళ్ళాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతూ మెచ్చుకుంటున్నారు. మనవరాలు నజ్మా, రెండో తరగతి పిల్ల, ఆయన భుజం మీంచి వంగి చూస్తోంది. ఊరు తగలబడే పేజీ రాగానే "దాదా, ఇది నువ్వే" అంది. తాతని వాళ్ళింట్లో దాదా అంటారు. అప్పుడు చూశాను నేను. ఆ ముక్కు, ఆ చీలిన కనుబొమ్మ. "దాదా ఊరెందుకు తగలబెట్టాడు ఆంటీ?" అని పిల్ల నన్నే అడిగింది. మాస్టారే అందుకున్నారు. "అది వేషం తల్లీ. ఆంటీకి చిన్నప్పట్నుంచీ వేషాలు కట్టింది నేనే కదా, ఇదీ ఒకటి." ఈ వేషం ఆయన కట్టింది కాదు. సేనానిగా, భిక్షువుగా నా ఎదుట కూర్చున్న మనిషికి నేను కట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. నేను బయల్దేరితే గేటు దాకా వచ్చి, "అమ్మాయ్, ఈ పుస్తకం నజ్మా వాళ్ళ బడికి కూడా వస్తుందా?" అని అడిగారు. రోజూ పిల్లని బడికి దింపేది ఆయనే. "వస్తుందండి" అన్నాను. గేటు గడియ తీస్తూ, "కనుబొమ్మ బాగా కుదిరిందిలే" అన్నారు.

ఆ పేజీ తీసెయ్యమని ప్రచురణకర్తని బతిమాలాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పుస్తకాలు అప్పటికే బాపట్ల నుంచి రేపల్లె దాకా బళ్ళకి చేరిపోయాయి. చాలా రోజులు మాస్టారి గుమ్మం తొక్కే ధైర్యం చాలలేదు. చివరికి తెగించి వెళ్ళి బెల్లు కొట్టాను. ఎవరో బక్కపలచటి పెద్దాయన, నున్నగా గీసిన మొహంతో, తలుపు తీశారు. చుట్టాలెవరో వచ్చారనుకున్నాను. "మాస్టారున్నారాండీ?" అని అడిగాను.

"నేనేనమ్మాయ్. లోపలికి రా" అన్నారు.

మజ్జిగ ఇచ్చి, నేను తాగిందాకా ఆగి చెప్పారు. "బళ్ళో పిల్లలు మా పిల్లని ఏడిపిస్తున్నారంట. ఈ గడ్డం తీసేస్తే ఆ బొమ్మలో ఉన్నది మా దాదా కాదని చెప్పుకుంటుంది కదా." ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను. "ఊరుకో. బొమ్మలు మాత్రం మానెయ్యకు" అన్నారు.

మానలేదు. ఇప్పుడు ఏ సైన్యంలో ఎవణ్ణి గీయాల్సి వచ్చినా, వాడు రోజూ బడికి దింపే మనవరాలు ఒకత్తి ఉందనుకుని పెన్సిలు పట్టుకుంటాను. చేతికి ఆ బుద్ధి వచ్చింది. మనసుకి మాత్రం నెమ్మది లేదు. కళ్ళు మూసుకుని గీయగలిగిన మనిషిని, ఆయన గుమ్మంలోనే నిలబడి, ఎవరో పరాయివాణ్ణి అడిగినట్టు మాస్టారున్నారా అని అడిగాను. ఆయన లోపలికి రమ్మన్నారు.