పిట్ట ముట్టని మనిషి

మా ఆయన చనిపోయి ఏడాది దాటింది. అయినా మనిషి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. జగిత్యాల బస్టాండులో చాయ్ తాగుతూ ఒకరికి కనిపించాడు. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల షెడ్డు ముందు నిలబడి ఇంకొకరికి కనిపించాడు. నా ఒక్కదానికే కనిపించడు.

మాది కోరుట్ల పక్కన చిన్న ఊరు. నేను బీడీలు చేస్తాను. ఆయన మొదట సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసేవాడు, తర్వాత అందరిలాగే గల్ఫ్ పోయాడు. అక్కడ క్యాంపులో నిద్రలోనే గుండె ఆగిందన్నారు. పెట్టె ఇల్లు చేరడానికి చాలా రోజులు పట్టింది. వాకిట్లో మూత తీశారు, తీసినంత సేపు కూడా ఉంచకుండా వేసేశారు. ముఖం ముఖంలా లేదు. నేను చూసింది ముఖం కాదు, ఎడమచేతి బొటనవేలు. నేత పనిలో ఉన్నప్పుడు సాంచాలోంచి దారం మోసే నాడె ఎగిరొచ్చి తగిలి ఆ గోరు నిలువునా చీలింది. తర్వాత ఎన్నిసార్లు పెరిగినా రెండుగానే పెరిగింది. పెళ్లయిన కొత్తలో దాన్ని మేక గిట్ట అని ఏడిపించేదాన్ని. పెట్టెలో ఉన్నది ఆ వేలే. నాకు ఇంకో రుజువు అక్కర్లేదు.

ఊరికి కావాలి. మా వైపు పిట్టకు పెట్టడమని ఒకటుంది. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, పక్కకు తప్పుకుంటారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఒక్కొక్కరే చేతులు జోడించి "నీ బిడ్డను మేం సూసుకుంటం, రంది వెట్టుకోకు" అని మాటిస్తారు.

మేమూ మాంసం వండాం, కల్లు పెట్టాం, సిగరెట్టు కూడా ముట్టించి పెట్టాం. క్యాంపులో ఆయనతో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో చూస్తామన్నారు. పాపం, రాలేనివాళ్లు, కాదని ఎలా అంటాం? మా మరిది ఒక ఫోను, ఇంకెవరో ఒక ఫోను, అలా ఆకు చుట్టూ ఒక గుంపు తయారైంది. "జర దగ్గరికి పట్టు అన్నా, కనవడ్తలేదు" అని అటునుంచి కేకలు. కాకి కరెంటు తీగ మీద కూర్చుని చాలాసేపు చూసింది. దాని స్థానంలో నేనున్నా దిగేదాన్ని కాదు. "జరుగుండ్రి, మిమ్ముల జూసే అది దిగుతలేదు" అన్నాను. ఏడుస్తున్న ఆడదాని మాట ఎవరికి కావాలి? కాకి ఎగిరిపోయింది.

మా అత్త అక్కడే తేల్చేసింది. "పిట్ట ముట్టలే. కాలవెట్టింది నా కొడుకును కాదు. పెట్టెలు మారినయ్."

వేలు చూశానని చెప్పాను. కండ్ల నిండా నీళ్లతో ఏం చూశావని అడిగారు. కట్టుకున్న పెళ్లాం మాట కంటే కాకి మాటకే విలువ ఎక్కువని ఆ రోజు అర్థమైంది. అత్త నా గాజులు తీయనివ్వలేదు. నేను ఏడుస్తుంటే చేత్తో నా నోరు మూసింది. "బతికున్నోని కోసం ఏడ్వద్దు బిడ్డా, అరిష్టం" అంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోలేను. కన్నతల్లి, అట్లాగైనా బతుకుతోంది. కానీ మొగుడు చచ్చాక ఏడవడానికి కూడా లేకపోతే ఎట్లా? పెళ్లిళ్లలో బొట్టు పెట్టే ఆవిడ నా దాకా వచ్చి, కుంకుమ గిన్నె పట్టుకుని ఆగిపోతుంది. పెట్టమని చెప్పలేను, వద్దని చెప్పలేను. తర్వాత తర్వాత పెళ్లిళ్లకు పోవడమే మానేశాను.

ఇక కథలకు కాళ్లొచ్చాయి. మిట్టమధ్యాహ్నం వచ్చి తలుపు కొడతాడట. నీళ్లడుగుతాడట. ఇస్తే తాగడట, "నా పెట్టె అచ్చిందా?" అని అడిగి పోతాడట. బతికున్నప్పుడు పక్కింట్లో అగ్గిపెట్టె అడగడానికి సిగ్గుపడ్డ మనిషి! మొదట్లో విన్నప్పుడల్లా కొట్లాడేదాన్ని. ఒళ్లు అలిసిపోయింది. వినడం, తలూపడం, బీడీ ఆకు కత్తిరించుకోవడం.

నా బిడ్డకు తొమ్మిదేళ్లు. బడి లేని రోజు మధ్యాహ్నం చెంబు నిండా నీళ్లు పెట్టుకుని గడప దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. ఎండలో చెంబు కాలిపోతుంటే నీళ్లు పారబోసి మళ్లీ చల్లటివి తెచ్చేది. లోపలికి రమ్మంటే, "బాపు అస్తే ఎట్ల?" అనేది. అది చూడటం నావల్ల కాలేదు. అంతలో మా మరిది ఫోనుకు కొండగట్టు నుంచి ఒక ఫొటో వచ్చింది. గడ్డం పెరిగిన ఒకాయన గుడి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అచ్చం ఆయనేనని ఊరంతా అంది. బిడ్డ నా కొంగు పట్టుకుంది. "పోదాం అమ్మా."

పోయాం. కొండగట్టు మీద మతి బాగాలేనివాళ్లు, గాలి సోకిందని ఇంటివాళ్లు తెచ్చినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆయన కూడా వాళ్లలో ఒకడు. దూరం నుంచి ఆ కూర్చున్న తీరు, ఆ భుజాలు మా ఆయనవే. వేలు చూసిన దాన్నే, కాల్చొచ్చిన దాన్నే. అయినా ఒక్క క్షణం కాకి మాటే నిజం కావాలని మొక్కుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

బిడ్డ నీళ్ల సీసా పట్టుకుని ముందుకెళ్లింది. ఆయన ఎడమచేత్తో అందుకున్నాడు. గటగటా మొత్తం తాగేశాడు. "సల్లగున్నయ్ బిడ్డా" అన్నాడు. బిడ్డ ఆయన ముఖం చూడలేదు. సీసా పట్టుకున్న బొటనవేలినే చూస్తూ నిలబడింది. గోరు ఒక్కటిగానే ఉంది. ఖాళీ సీసా తీసుకుని తిరిగొచ్చింది. దర్శనం కూడా చేసుకోకుండానే దిగిపోయాం.

జగిత్యాలలో కోరుట్ల బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్టు ఎత్తేసినప్పటి నుంచి సీటు దొరకడమే ఒక పండగ, ఆ రోజు దొరికింది. పక్కన కూర్చున్న ఆవిడ కాసేపటికే మాట కలిపింది.

"మీది కోరుట్ల దిక్కేనా అక్కా? ఆడ ఒకాయన గల్ఫ్ కెళ్లి పెట్టెల అచ్చిండట గదా. పిట్ట ముట్టలేదట. ఆయన పెండ్లామే మంత్రమేసి పిట్టను ఆపిందట. ఇప్పుడాయన ఇల్లిల్లు తిరుగుతుండట."

నేను మంత్రగత్తెనని ఆ బస్సులోనే తెలిసింది. కాదనే ఓపిక లేదు. అలవాటుగా తలూపబోయాను.

"గాయన మా బాపు" అంది నా బిడ్డ. గొంతు పెంచలేదు. "ఎటు తిరుగుతలేడు. సచ్చిపోయిండు. మా అమ్మ ఏలు సూసింది."

ఆవిడ కాస్త అటు జరిగింది. బిడ్డ సీసాను ఒళ్లో పెట్టుకుని, నా ఎడమచేతి బొటనవేలు పట్టుకుని కూర్చుంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. బస్సు నిండా జనం చూస్తుండగా, నా మొగుడి కోసం గట్టిగా ఏడ్చాను.