రేకు మీది వణుకు

లేజరు కాంతితో లోహంలోని సూక్ష్మకంపనాన్ని కొలవడం ఆమె వృత్తి. కార్ఖానాలో అందరికీ ఆమె లేజరక్క. ఒక కిరణం లోహాన్ని తట్టి లేపుతుంది. మరొకటి ఆ పులకింతను చదివి, లోపల పగులుంటే చెబుతుంది. నునుపైన తలం అద్దంలా బదులిస్తుంది. గరుకు తలం మాత్రం వెలుగును పిడికెడు ఇసుకలా వెదజల్లుతుంది. తిరిగి వచ్చేది లేశమే. అప్పుడు ఓపికతో వెదకాలి. ఆ ఉదయం బాయిలరు అతుకు దగ్గర ఆమెకు ఆ ఓపిక లేకపోయింది. వెలుగును తిప్పికొట్టే మెరుపురేకు ముక్క ఒకటి అంటించి, దానిమీద కొలిచి, అతుకు బాగుందని చెప్పేసింది.

మధ్యాహ్నం పెట్టె సర్దుతూ ఆ రేకును తిరగేసింది. జిగురుకు అంచుల్లోనే తుప్పు అంటి ఉంది, నడుమంతా తళతళలాడుతోంది. నడుమ రేకు లోహాన్ని తాకనే లేదు. తాను కొలిచినది రేకు వణుకే! చూడనిదానికి సాక్ష్యం పలికిన పాపం ఆమె నాలుక మీద చేదయింది. ఆ అతుకు ఎదుటనే, మీటల దగ్గర, ఆమె తమ్ముడు పనిచేస్తున్నాడు.

బాయిలరు దగ్గరికి పరుగున వెళ్లేసరికి, మేస్త్రి ఎదుటే మంట రాజుకుని పీడనం పెరుగుతోంది.

"ఆపండి మేస్త్రీగారూ! పొద్దున నేను చెప్పింది తప్పు."

"పొద్దున ఓ మాట, మధ్యాహ్నం ఓ మాటా? నీ లేజరు కూడా భోంచేసి కునుకు తీసిందా ఏం? పగులుందని చెప్పు, ఆపేస్తా."

"ఉందో లేదో తెలియదండీ."

"తెలియనిదానికి మంటార్పమంటావా?"

ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "నువ్వు బయటికి నడవరా."

"నేనెళ్తే రెండో షిఫ్టు బాబాయిని నిలబెడతారక్కా. ఆయన్నీ లాక్కెళ్తావా?" వాడు నవ్వబోయాడు, నవ్వు పెదవి దాటలేదు. "నువ్వు బాగుందన్నావనేగా నేనిక్కడున్నా."

ఆ మాట శూలమై దిగింది. వెంట తెచ్చిన లేజరు యంత్రాన్ని అతుకుకు గురిపెట్టింది. వెలుగు తిరిగి రాలేదు. పీడనపు ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. "స్వామీ, ఒక్క మెరుపు!" అని ప్రార్థించింది. రాలేదు.

యంత్రం వదిలి ఇంధనపు వాల్వు మీదికి ఉరికి, బలమంతా పెట్టి బిగించేసింది. మంట ఆరిపోయింది.

"నీ ఉద్యోగం ఊడినట్టే!" అంటూ మేస్త్రి ఆమె వేళ్లు విడదీయబోయాడు.

"పగులు నిజంగా ఉందా అక్కా?"

"తెలియదురా," అంది ఏడుస్తూ, చేతులు మాత్రం వదలకుండా.

తమ్ముడు మీటలు వదిలి వచ్చి, ఆమె చేతుల మీద తన చేతులు వేసి వాల్వును గట్టిగా పట్టుకున్నాడు.